మందుల బండికి జానెడు చోటు

ఇలా రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ గుమ్మం దగ్గర నిలబడితే వాగు చప్పుడే తప్ప మాట వినబడదు. కుర్చీలు చాలకపోతే మెట్లున్నాయి. చేతిలో బీన్స్ ఉంటే ఒలుచుకోండి, చెవులు మాత్రం ఇటు పెట్టండి. ఈ అమెరికా బొగ్గు కొండల్లో, మన గూస్‌నెక్ లోయలో ఓర్ఫాకి జరిగిన సంగతి ఇది.

ఓర్ఫా అంటే బడి వంటశాలలో ఇరవై ఆరేళ్ళు గరిటె తిప్పిన మనిషి. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులకి పట్టి భర్త పోయాడు. మిగిలింది ఒక్కతే కూతురు, ట్రెసా. ఆ పిల్ల వృద్ధాశ్రమంలో ఆయాగా చేసేది. ఒకరోజు మంచాన పడ్డ భారీ మనిషినొకణ్ణి పక్కకి తిప్పబోతే నడుంలో ఏదో కలుక్కుమంది. కలుక్కుమన్నది నడుమే గానీ విరిగింది బతుకు.

అప్పట్లో మన జిల్లాకి, అదే కౌంటీకి, పెద్ద పట్నంలో ఒక డాక్టరుండేవాడు. తెల్లారకముందే ఆయన గుమ్మం ముందు కార్లు బారులు తీరేవి. నడుం నొప్పి అన్నా అదే మత్తు కలిసిన మాత్ర, పంటి నొప్పి అన్నా అదే మాత్ర. ట్రెసాకీ అదే రాసిచ్చాడు. మందుల కంపెనీవాళ్ళు వచ్చి, ఇవి అలవాటు కావమ్మా, అని నవ్వుతూ చెప్పి పోయారు. ఆ డాక్టరుగారి ఆసుపత్రి ఎక్కడుండేదో తెలుసా? సరిగ్గా ఓర్ఫా వండే బడికి ఎదురుగా. వంటశాల కిటికీలోంచి ఓర్ఫా రోజూ చూసేది. ఆయన ఇక్కడుండకూడదని ఆనాడు ఒక్కడూ అనలేదు. జూలై నాలుగున స్వాతంత్ర్య దినం ఊరేగింపులో ఆయన్ని పైకప్పు లేని కారులో ముందు కూర్చోబెట్టి తిప్పారు కూడాను.

తర్వాత కథ లోయలో ప్రతి ఇంటికీ తెలిసిందే. ఆ డాక్టర్ని పోలీసులు పట్టుకుపోయారు, మాత్రలు ఆగిపోయాయి, మాత్రలకి అలవాటు పడ్డ ఒళ్ళు మాత్రం ఆగలేదు. మాత్ర దొరకని చోట హెరాయిన్ పొడి దొరికింది. ఒక ఫిబ్రవరి ఉదయం ఓర్ఫా స్నానాల గది తలుపు భుజంతో తోసి చూసేసరికి ట్రెసా నేల మీద ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. మత్తు ఎక్కువై ఊపిరి ఆగితే ముక్కులో కొట్టే మందు చర్చిలో పంచితే దాచుకుంది కాబట్టి సరిపోయింది. దాన్ని కొట్టి, చెంపలు వాయించి, తిట్టి, ఏడ్చి, ఆ పిల్లని మళ్ళీ ఈ లోకంలోకి లాక్కొచ్చింది.

ఆ పాడు అలవాటుకి మందు ఉంది. మెథడోన్ అంటారు. ఎర్రటి నీళ్ళలా ఉంటుంది. మనిషిని మత్తులో తేల్చేయడానికి కాదది. ఒళ్ళు వణక్కుండా, పొడి కోసం ప్రాణం కొట్టుకోకుండా నిలబెడుతుంది. కానీ రోజూ తాగాలి, ఒక్క రోజు తప్పినా ముప్పే. అదిచ్చే ఆసుపత్రి డెబ్బై మైళ్ళ దూరం, కొండలన్నీ తిరిగి తిరిగి పోవాలి. ట్రెసా నాలుగు నెలలు పోయింది. చలికాలంలో ట్రక్కు మొరాయించింది, మూడు రోజులు తప్పింది, నాలుగో రోజు మళ్ళీ పొడి దగ్గరికే పోయింది. నేను చెప్పిన ఆ ఫిబ్రవరి ఉదయం అప్పటిదే.

అలాంటి రోజుల్లో వచ్చింది మందుల బండి. తెల్లటి పొడుగాటి బండి, పక్కన కిటికీ, కిటికీలో గ్లెన్నా అనే నర్సు. మూతపడ్డ కిరాణా కొట్టు ముందు ఖాళీ స్థలంలో రోజూ ఉదయం ఆరింటికి వచ్చి ఆగేది. ఆదివారం ఒక్కరోజే సెలవు. ఆ రోజు మందు శనివారమే చిన్న తాళం పెట్టెలో పెట్టి ఇచ్చేవారు. వరసలో నిలబడాలి, పేరు చెప్పాలి, చిన్న గ్లాసులో పోసింది ఆవిడ ఎదుటే తాగాలి, గ్లాసు కడిగి ఆ నీళ్ళూ తాగాలి. తర్వాత ఒక మాట మాట్లాడాలి. మందు బుగ్గన దాచుకుని పోకుండా అదొక కట్టుబాటు. ఆ ఒక్క మాట కోసం జనం రాత్రంతా ఆలోచించి వచ్చేవారు. గనిలో నడుం విరిగిన ఆర్విల్ ముసలాయన రోజూ ఒకటే మాట.

“గ్లెన్నా, నన్నెప్పుడు పెళ్ళి చేసుకుంటావే?”

“నీకు పళ్ళు మొలిచాక, తాతా. పక్కకి జరుగు.”

వెనకవాళ్ళు గొల్లుమనేవారు. తాగేసి ఎవరి పనికి వాళ్ళు పోయేవారు. ట్రెసా ఎనిమిదింటికల్లా లాండ్రీ పనిలో ఉండేది. పద్నాలుగు నెలలు ఒక్క రోజు తప్పలేదు. ఒంటికి కండ పట్టింది. వంటింట్లో పాట మొదలైంది. గొంతు బాగోకపోయినా ఓర్ఫా ఒక్కనాడూ ఆపమనలేదు.

ఇక్కడే జరిగింది తప్పు, అందరూ కలిసి చేసిన తప్పు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మనవాళ్ళకి భయం కదా. వరసలో నిలబడే ముప్పై ఒక్క మందిలో ఏ ఒక్కరూ ఆ బండి ఎందుకొస్తుందో బయట చెప్పలేదు. ఒకరు బీపీ చూస్తారన్నారు, ఒకరు కళ్ళు చూస్తారన్నారు. చర్చిలో ఆడవాళ్ళడిగితే ఓర్ఫా తడుముకోకుండా, “మా ట్రెసాకి షుగరు. షుగరు బండి అది,” అంది. అన్నాక ఇంటికొచ్చి, ఒక చిన్న అబద్ధంతో పరువు దక్కిందిలే అనుకుంది.

అబద్ధం చెప్పి మనం దాచుకున్నదాన్ని ఎవరో వచ్చి ఎత్తుకుపోతే, దొంగ దొంగ అని అరవడానికైనా ఉండదు. మే నెలలో ఒక గురువారం కౌంటీ సభలో సరిగ్గా అదే జరిగింది.

ఆ సభలో ఈ లోయ తరఫు సభ్యుడు ఎస్టిల్. ఎవరో పరాయివాడు కాదు, ఓర్ఫాకి స్వయానా అన్న. మంచి మాటకారి, చర్చి పెద్ద. ఆ రోజు లేచి నిలబడి, “మత్తుమందు పంచే బండి మన పిల్లల కళ్ళెదుట ఆగుతోంది,” అన్నాడు. బడికి, చర్చికి, ఆటస్థలానికి, ఇళ్ళకి వెయ్యి అడుగుల లోపల అలాంటి బండి నిలపకూడదని తీర్మానం పెట్టాడు. సోమవారం నుంచే అమలన్నాడు.

“దీని మీద ఎవరైనా మాట్లాడతారా?” అని సభ పెద్ద అడిగాడు.

ఆ గదిలో వెనక బెంచీల మీద మందు వరసవాళ్ళు పదిమందికి పైనే ఉన్నారు. ఆర్విల్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఒకావిడ సంచీలో ఏదో వెతుక్కుంది. లేచి మాట్లాడితే మర్నాడు ఊరంతా, ఓహో నువ్వూనా, అంటుంది. ఓర్ఫా మోకాళ్ళు లేవబోయాయి, నోరు లేవలేదు. షుగరు బండి కోసం ఏమని పోట్లాడుతుంది? సభ్యులవి అయిదు చేతులు లేచాయి, తీర్మానం అయిపోయింది. తర్వాత రోడ్డు గుంతల మీద నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు.

శుక్రవారం పొద్దున ట్రెసాతో పాటు ఓర్ఫా కూడా బండి దగ్గరికి పోయేసరికి గ్లెన్నా కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“పెద్దమ్మా, మా పైవాళ్ళు ఫోన్ చేశారు. ఆదివారం సాయంత్రంలోగా వెయ్యి అడుగుల అవతల ఎక్కడైనా చోటు చూపించి, ఆ నేల గలవాళ్ళ సంతకాలు పంపితే సోమవారం వస్తాం. లేకపోతే బండిని ఇంకో కౌంటీకి తోలేస్తారు. అక్కడ నెలల తరబడి అడుగుతున్నారట.”

“మరి మావాళ్ళో?”

“డెబ్బై మైళ్ళ ఆసుపత్రికే పోవాలి.”

ట్రెసా అప్పుడే గ్లాసు కడిగి ఆ నీళ్ళు తాగింది. ఒక మాట మాట్లాడాలి కదా. తల్లి వైపు తిరిగి అంది: “అమ్మా, సోమవారం మందు లేకపోయినా మంగళవారం దాకా ఎలాగో తట్టుకుంటా. బుధవారం నుంచి నన్ను నేనే నమ్మను.”

ఓర్ఫాకి మళ్ళీ ఆ నీలం పెదాలు కళ్ళ ముందు కనపడ్డాయి. కూతురి చెయ్యి పట్టుకుని ట్రక్కెక్కింది. ఆ రోజు పనులన్నీ మానేసి తల్లీ కూతుళ్ళిద్దరూ లోయంతా కొలిచారు. మన లోయ సంగతి మీకు తెలియంది కాదు. ఇటు కొండ, అటు కొండ, మధ్యలో వాగూ రోడ్డూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతుంటాయి. చర్చి దాటితే ఇల్లు, ఇల్లు దాటితే ఇంకో చర్చి. ఆరు మైళ్ళలో వెయ్యి అడుగుల ఖాళీ ఎక్కడా లేదు. ఆ తీర్మానం రాసినవాళ్ళకి అది తెలీదనుకుంటున్నారా? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టు, బండి రాకూడదని అనకుండానే చక్రం ఆనడానికి చోటు లేకుండా చేశారు.

చివరికి ఒక్క చోటు దొరికింది. కొండ మీద ఓర్ఫా పుట్టింటి వంశం సమాధుల మిట్ట. దాని పక్క కొండ తలని బొగ్గు కంపెనీ ఎప్పుడో నరికి చదును చేసి పోయింది. ఇళ్ళు లేవు, చర్చి లేదు. గులకరాళ్ళ దారి ఉంది, బండి ఎక్కుతుంది.

కానీ ఆ నేల ఎవరిది? మిట్టా, ఆ చదునూ రెండూ ముత్తాతవే, ఆయన వీలునామా రాయకుండా పోయాడు. అందుకని అది ఎవ్వరిదీ కాదు, అందరిదీను. లెక్కకి పదిహేడు మంది వారసులు. సమాధుల మిట్ట మీద ఏం చెయ్యాలన్నా వాళ్ళందరూ ఒప్పుకోవాలి. మే నెలాఖరున అందరూ పైకొచ్చి, సమాధులు శుభ్రం చేసి పూలు పెట్టే ఆదివారం ఉంది చూశారూ, ఆ రోజే అడగాలి. ఒక్కరు వద్దన్నా ఆగిపోతుంది. అయితే వద్దనేవాడు ఊరికే కుర్చీలో కూర్చుని అనకూడదు. తను ఆఖరున పూడ్చుకున్న మనిషి రాయి మీద చెయ్యి వేసి అనాలి. తాతల నాడు కంచె కోసం కొట్టుకుని ఒకడి తల పగిలితే, ఆ తర్వాత పెట్టుకున్న కట్టుబాటు అది.

ఆ ఆదివారం ఎల్లుండే.

శుక్రవారం సాయంత్రం ఓర్ఫా అన్న ఇంటికి పోయింది. ఎస్టిల్ వసారాలో ఉయ్యాల బల్ల మీద ఉన్నాడు. భార్య వెల్డా లోపల గుడ్డలు మడత పెడుతోంది.

“అన్నయ్యా, నీకు దణ్ణం పెడతా. ఆదివారం మిట్ట దగ్గర చదును అడుగుతా. నువ్వు అడ్డు చెప్పకు.”

“నాన్న ఎముకల పక్కన మత్తుగాళ్ళని వరస నిలబెడతావా ఓర్ఫా?”

“ఆ మత్తుగాళ్ళలో నీ మేనకోడలు ఉంది.”

“దానికి షుగరని ఊరంతా చెప్పావుగా!” అని ఎస్టిల్ నవ్వాడు. “నువ్వే చెప్పుకోలేని జబ్బుకి నేను చోటివ్వాలా? విషానికి విషం పోసి మందంటారు. మనసు గట్టిదైతే మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటే చాలు.”

“నాన్నకి బొగ్గు దగ్గొచ్చినప్పుడు ప్రార్థన చాలిందా? ఆక్సిజన్ సిలిండరు నువ్వే మోసుకొచ్చావు కదా!”

“అది వేరు.”

“ఏం వేరు? ఊపిరి ఆగితే అదీ ఇదీ వేరా?”

లోపల వెల్డా చేతులు మడత మధ్యలో ఆగిపోవడం ఓర్ఫా చూసింది. చూసి, మెట్లు దిగి వచ్చేసింది.

ఆదివారం వచ్చింది. అందరూ పైకొచ్చారు. ఒహాయో నుంచి వచ్చినవాళ్ళున్నారు, పక్క లోయవాళ్ళున్నారు. ప్లాస్టిక్ పూలు, గడ్డి కోసే మిషన్లు, మడత బల్లల మీద వేయించిన కోడి, బీన్స్, మొక్కజొన్న రొట్టె, పొరల కేకు. భోజనానికి ముందు సమాధులు చదవడం ఆనవాయితీ. ఆ పని అందరికన్నా పెద్ద ముసలావిడ జెల్లాది. ఓర్ఫాకి మేనత్త, తొంభై ఒకటి నిండాయి, కళ్ళు మసక, నోరు మాత్రం కత్తి. ఇద్దరు మగవాళ్ళు మడత కుర్చీతో సహా ఆవిణ్ణి ఎత్తుకుని ప్రతి రాయి దగ్గరా దింపుతారు. పేరు, వయసు, ఎలా పోయారో ఆవిడ చెబుతుంది. అందరూ వింటారు.

“మెల్లగా దింపండిరా, నేనింకా ఇక్కడ ఉండిపోవడానికి రాలేదు,” అంది జెల్లా. “ఇదిగో, మా అన్న క్లైడ్. పంతొమ్మిదేళ్ళు. గని పైకప్పు కూలింది, మూడు రోజులు తవ్వారు. ఇది మా అమ్మ. తొమ్మిదో కాన్పు. ఇది మా చిన్నాన్న హోబర్ట్. తప్పతాగి గుర్రం మీంచి పడ్డాడు. గుర్రానికి ఏమీ కాలేదు.”

అందరూ నవ్వారు. ఏటా ఆ మాటకి నవ్వుతారు.

అలా కంచె పక్క కొత్త వరస దాకా వచ్చారు. రాళ్ళింకా మెరుస్తున్నాయి. కుర్చీ దింపారు.

“ట్రావిస్. ముప్పై నాలుగు. గుండె ఆగింది. షైలా. ఇరవై ఆరు. గుండె ఆగింది. డెన్వర్, ఎస్టిల్ కొడుకు. ఇరవై తొమ్మిది. గుండె...”

“ఆగు అత్తా!” అంది ఓర్ఫా.

సమాధులు చదివేటప్పుడు మధ్యలో మాట్లాడినవాళ్ళు ఆ వంశంలో లేరు. కేకు మీద ఈగలు తోలుతున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు.

“హోబర్ట్ తాత తాగి పడ్డాడని చెప్పడానికి మనకి నోరొచ్చింది. ఏటా నవ్వుతున్నాం కూడా. మరి ఈ ముగ్గురి దగ్గరికి వచ్చేసరికి అన్నీ గుండెలేనా? ఇరవై ఆరేళ్ళకి, ఇరవై తొమ్మిదేళ్ళకి గుండె ఊరికే ఆగుతుందా? వీళ్ళని ఆ మాత్రలు తిన్నాయి, ఆ పొడి తింది. డెన్వర్ పోయినప్పుడు పేపర్లో ‘గుండె ఆగి’ అని రాసింది నేనే. ఈ చేత్తోనే రాశా. వదిన అడిగింది, పరువని రాశా. ట్రెసాకి షుగరని చెప్పిందీ నేనే. దానికి షుగరు లేదు, ఏం లేదు!”

“అది మాకు తెలుసులే ఓర్ఫా,” అన్నాడు వెనకనుంచి ఒహాయో వాడొకడు. “షుగరున్నవాళ్ళు మూడు ముక్కల కేకు తినడం ఎక్కడా చూళ్ళేదు.”

ఎవరో కిసుక్కుమన్నారు. ట్రెసా మొహం ఎర్రబడింది, కానీ తల దించలేదు. ముందుకొచ్చి తల్లి పక్కన నిలబడింది.

“నేను రోజూ మెథడోన్ తాగుతున్నా,” అంది. “పద్నాలుగు నెలలైంది. ఆ బండి లేకపోతే ఈ వరసలో నాలుగో రాయి నాదే. చూసుకోండి, పక్కన చోటు కూడా ఉంది.”

ఓర్ఫా కాగితం తీసింది. “ఆ చదును మీద పొద్దున రెండు గంటలు బండి నిలబడాలి. అంతే. సమాధులు తొక్కరు, కంచె దాటరు. కౌంటీ వాళ్ళు బతికున్నవాళ్ళ మధ్య జానెడు చోటు లేకుండా చేశారు. చచ్చినవాళ్ళ దగ్గరకొచ్చి అడుక్కుంటున్నా. వద్దనేవాళ్ళుంటే చెప్పండి.”

ఒక్కొక్కరే వచ్చి సంతకం పెట్టడం మొదలుపెట్టారు. ట్రావిస్ తల్లి అందరికన్నా ముందొచ్చింది, పేరు రాస్తుంటే కలం కాగితాన్ని చింపేసింది. జెల్లా, “ఎక్కడో చూపించండి, నాకు గీత కనపడదు,” అని బల్ల మీద దాకా రాసింది. పదహారు సంతకాలయ్యాయి.

“నేను ఒప్పుకోను,” అన్నాడు ఎస్టిల్, తనున్న చోటు నుంచే.

“ఒప్పుకోకపోతే మానెయ్. నీ హక్కు అది,” అంది జెల్లా. “కానీ పద్ధతుంది కదా. నీ మనిషి దగ్గరికెళ్ళి చెప్పు.”

ఎస్టిల్ నాలుగడుగులు తండ్రి రాయి వైపు వేశాడు.

“అటు కాదు నాయనా. ఆఖరున పూడ్చుకున్నవాడి దగ్గరికి.”

ఆయన అడుగు ఆగింది. నాలుగేళ్ళుగా పూలు పెట్టే పని వెల్డాదే. తను దూరంగా గడ్డి కోసే మిషను పట్టుకునేవాడు. ఇప్పుడు ఇంత జనంలో వెనక్కి పోలేక నడిచాడు. వెల్డా అప్పటికే డెన్వర్ రాయి పక్కన మోకాళ్ళ మీద ఉంది. ఎస్టిల్ రాయి మీద చెయ్యి వేశాడు.

“ఊఁ, చెప్పు,” అంది వెల్డా. ఆవిడ గొంతు ఆ మిట్ట మీద విన్నవాళ్ళు తక్కువ. “వాడితోనే చెప్పు. ఒకసారి చెప్పావుగా. ‘నాన్నా, ఆసుపత్రికి తీసుకెళ్ళు, డెబ్బై మైళ్ళు, నాకు డ్రైవింగు చేసే ఓపిక లేదు’ అని వాడు మన వంటింట్లో నిలబడి అడిగాడు. విషానికి విషమేంట్రా, మగాడిలా ఉండు అన్నావు. పదకొండు రోజులు బతికాడు. నేను ఆ రోజు కుండలు తోముతూ నోరు మూసుకున్నా. ఇవాళ మూసుకోను. వద్దని చెప్పు ఎస్టిల్, రాయి వింటోంది.”

ఎస్టిల్ నోరు తెరిచాడు. సభలో గంటలు గంటలు మాట్లాడే నోరు. కొడుకు పేరు చెక్కిన అక్షరాల మీద వేళ్ళు ఆనించి నిలబడ్డాడు. ఎండ మండుతోంది. జెల్లా కూడా తొందరపెట్టలేదు. వద్దు అన్న రెండక్షరాలు ఆయన గొంతులోంచి రాలేదు. ఎంతసేపని చూస్తారు? చివరికి ఎటూ చూడకుండా చెయ్యి చాచాడు.

“కాగితం ఇటు తే.”

ఆ రాయి మీదే పెట్టి సంతకం చేశాడు. చేసి ఓర్ఫా వైపు తిరిగాడు. “చోటిచ్చాను. సభలో నేను చేసింది తప్పని మాత్రం నాతో అనిపించలేవు.”

“నేను అనిపించనన్నయ్యా,” అంది ఓర్ఫా. కాగితం అందుకుని ట్రెసా చేతికిచ్చింది. “నీ సంతకం నాకు చాలు. మిగతాది నువ్వూ నీ కొడుకూ మాట్లాడుకోండి.”

ఆయన భోజనానికి ఆగలేదు. వెల్డా ఆగింది. నాలుగేళ్ళలో మొదటిసారి కడుపునిండా తిందని అందరూ చెప్పుకున్నారు.

ట్రెసా కాగితానికి ఫోటో తీసి ఆ సాయంత్రమే గ్లెన్నా పైవాళ్ళకి పంపింది. సోమవారం ఆరింటికి బండి గులకరాళ్ళ మీద మూలుగుతూ కొండెక్కింది. గ్లెన్నా కిటికీ తీసింది, ట్రెసా గ్లాసు అందుకుంది, తాగింది, కడిగి ఆ నీళ్ళూ తాగింది. “ఒక మాట చెప్పు,” అంది గ్లెన్నా. ట్రెసాకి మాట రాలేదు, ఏడుపొచ్చింది. “అదీ చాలు, పో,” అంది నర్సు.

ఇక్కడితో అందరూ సుఖంగా ఉన్నారని చెప్పేసి లేవొచ్చు. చెప్పను. ఎందుకంటే ఆ సోమవారం ముప్పై ఒక్క మందిలో ఇరవై ఇద్దరే వచ్చారు. కిరాణా కొట్టు దగ్గరికైతే నడిచొచ్చేవాళ్ళు. నడుం విరిగిన ఆర్విల్ అయిదు మైళ్ళ కొండ ఎలా ఎక్కుతాడు? ఓర్ఫా ట్రక్కేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఆర్విల్ రోడ్డు పక్కన కర్ర పట్టుకుని, చెమటలు కక్కుతూ, మైలున్నర నడిచి కనిపించాడు. ఇంకో ముగ్గుర్ని ఇళ్ళలోంచి ఎక్కించుకుంది. ఇద్దరు మర్నాడు వచ్చారు. ఇంకో ఇద్దరు ఆ వారంలో ఎప్పుడో వచ్చారు. మిగిలిన ఒక్క పిల్ల, పేరు మేవిస్, లాండ్రీలో ట్రెసా పక్క మిషను దగ్గర పనిచేసేది, ఆ సోమవారం తలుపు తియ్యలేదు. ఎవరో బంధువులింటికి పోయిందన్నారు. గురువారం శవమై దొరికింది. ఇరవై మూడేళ్ళు.

బడి ఎదుట మాత్రలు అమ్మినవాడికి అడ్డం రాని వెయ్యి అడుగులు ఆ పిల్లకి అడ్డం వచ్చాయి. ఆ తీర్మానం ఇవాళ్టికీ పుస్తకంలో అలాగే ఉంది. ఎస్టిల్ ఇవాళ్టికీ దాన్ని కదపలేదు. బండి ఇవాళ్టికీ సమాధుల పక్కనే ఆగుతోంది. ఓర్ఫా మాత్రం ఆ తర్వాత ఒక్క సభ కూడా మానలేదు. ఎవరైనా మాట్లాడతారా అని అడగ్గానే లేస్తుంది, “నా పేరు ఓర్ఫా. నా కూతురు ట్రెసా మెథడోన్ తాగుతుంది, అందుకే బతికుంది,” అని మొదలుపెడుతుంది. ఇప్పుడు ఆవిడ వెనక బెంచీల్లోంచి ఇంకో నలుగురు లేస్తున్నారు. ఆర్విల్ టోపీ తీసి చేతిలో పట్టుకునే మాట్లాడతాడు.

మేవిస్ అంత్యక్రియల కాగితంలో ఏం రాయాలని వాళ్ళమ్మ అడిగితే, జరిగింది జరిగినట్టు రాయమ్మా అని ఓర్ఫాయే పక్కన కూర్చుంది. మీరూ అంతే. ఈ సంగతి మరిచిపోకండి. మీ పిల్లలకి, మీ చర్చిలో, మీ పనిచోట, ఎక్కడ ఎవరు వింటే అక్కడ చెప్పండి. చెప్పేటప్పుడు డెన్వర్ పేరు, షైలా పేరు, ట్రావిస్ పేరు, మేవిస్ పేరు పూర్తిగా చెప్పండి. ఎలా పోయారో కూడా చెప్పండి. గొంతు తగ్గించకండి.